కాటా తప్పా, బరువు పెరిగిందా?

ప్రశ్న: నేను గుంటూరులో గణితం బోధించి పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుడిని. 1958లో పుట్టాను. మా అక్కగారి భర్త ఇబ్రహీంపట్నం థర్మల్ విద్యుత్ కేంద్రంలో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి, ఇప్పుడు విజయవాడ భవానీపురంలో ఉంటున్నారు. మా అమ్మాయి పర్యావరణ శాస్త్రంలో పీజీ చేస్తోంది. సంక్రాంతికి అందరం కలిసినప్పుడు భోజనాల దగ్గర వీరిద్దరికీ భూతాపం మీద మాటామాటా పెరిగింది. "బెజవాడలో ఎండలు ఎప్పుడు లేవు? థర్మామీటర్లన్నీ కాంక్రీటు మధ్య పెట్టి, లెక్కలు దిద్ది భయపెడుతున్నారు. 1998 తర్వాత వేడి పెరగడం ఆగిపోయిందని శాస్త్రవేత్తలే ఒప్పుకున్నారు" అన్నారు బావగారు. "2030 కల్లా అంతా అయిపోతుంది, మీలా బొగ్గు కాల్చినవాళ్లే దానికి కారణం" అంది అమ్మాయి. ఆ రోజు నుంచి ఆయన మా ఇంటి గడప తొక్కలేదు. అసలు భూమి ఎంత వేగంగా వేడెక్కుతోంది? ఈ విషయంలో శాస్త్రవేత్తలకే పడటం లేదన్నది నిజమేనా? వీరిద్దరినీ మళ్లీ ఒకచోట ఎలా కూర్చోబెట్టాలి?

సమాధానం: మీ ఉత్తరం రెండోసారి చదివినప్పుడు నాకు తట్టిన సంగతి ఏమిటంటే, ఆ రోజు మీ ఇంట్లో ఇద్దరూ ఒకే విషయం మీద వాదించుకోలేదు. భూమి వేడెక్కుతోందా, ఎందుకు వేడెక్కుతోంది, ఆ వేగం ఇంకా పెరుగుతోందా, దానికి ఎవరు ఏం చేయాలి అన్నవి వేర్వేరు ప్రశ్నలు. వీటిలో మొదటి రెండింటికి గట్టి జవాబులున్నాయి, మూడోదాని మీద శాస్త్రవేత్తల మధ్య నిజంగానే చర్చ నడుస్తోంది, నాలుగోది థర్మామీటర్ తేల్చే విషయమే కాదు. బావగారు నాలుగో ప్రశ్న మీద ఉన్న కోపాన్ని మొదటి ప్రశ్న మీద చూపించారు. మీ అమ్మాయి మూడో ప్రశ్నలోని అనిశ్చితిని పూర్తిగా వదిలేసి, నాలుగోదానికి జవాబు తనకు తెలుసన్నట్టు మాట్లాడింది.

మీరు లెక్కల మాస్టారు కాబట్టి అంకెలతోనే మొదలుపెడతాను. 1970ల నుంచి భూమి ఉపరితలపు సగటు ఉష్ణోగ్రత దశాబ్దానికి సుమారు 0.2 డిగ్రీల సెల్సియస్ చొప్పున పెరుగుతూ వస్తోంది. 1850-1900 మధ్య కాలపు సగటుతో పోలిస్తే 2011-2020 దశాబ్దపు సగటు 1.09 డిగ్రీలు ఎక్కువ, 2015-2024 దశాబ్దపు సగటు సుమారు 1.24 డిగ్రీలు ఎక్కువ. 2024 సంవత్సరాన్ని మాత్రమే తీసుకుంటే ప్రపంచ వాతావరణ సంస్థ లెక్క ప్రకారం అది 1.55 డిగ్రీలు. కొలతలు మొదలైనప్పటి నుంచి ఆ ఏడాది వరకూ అత్యంత వేడిగా నమోదైన పది సంవత్సరాలూ 2015 నుంచి 2024 వరకు ఉన్న పదే. పదేళ్లకు 0.2 డిగ్రీలంటే చాలా చిన్న అంకెగా కనిపిస్తుందని నాకు తెలుసు, ఎందుకంటే మన ఊళ్లో ఉదయం ఆరింటికీ మధ్యాహ్నం రెండింటికీ మధ్యనే పది డిగ్రీల తేడా ఉంటుంది. అయితే చివరి మంచుయుగపు నడిమి దశ నుంచి భూమి బయటపడటానికి సగటున అయిదారు డిగ్రీల వేడి పెరగవలసి వచ్చిందనీ, దానికి సుమారు పదివేల సంవత్సరాలు పట్టిందనీ గుర్తుంచుకుంటే, ఇప్పటి వేగం ఆనాటి సగటు వేగానికి ముప్పై రెట్లకు పైమాటేనని మీరే భాగహారం చేసి చూసుకోవచ్చు.

ఇక బావగారి అభ్యంతరాల సంగతి. వాటిని మీ అమ్మాయి కొట్టిపారేసినంత తేలికగా నేను కొట్టిపారేయను. అవి అర్థం లేనివి కావు. ఒకప్పుడు శాస్త్రవేత్తలు కూడా అవే అనుమానాలు పడి, ఏళ్ల తరబడి పరీక్షించి జవాబులు కనుక్కున్నారు.

ఎండల విషయంలో ఆయన మాట నిజమే. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయన్న సామెత కార్బన్ డయాక్సైడ్ లెక్కలు చూసి పుట్టింది కాదు, బెజవాడను బ్లేజ్‌వాడ అనడం కూడా ఈ మధ్య మొదలైంది కాదు. రెంటచింతల పేరు చెబితే మన పెద్దలకూ ముందు ఎండే గుర్తొచ్చేది. కానీ ఒక ఊరి మే నెల మధ్యాహ్నం ప్రపంచ సగటుకు సాక్ష్యం కాలేదు, అటు వైపు నుంచైనా, ఇటు వైపు నుంచైనా. మీ అమ్మాయి కూడా ఈ పొరపాటు చేసే అవకాశం ఉంది. 2003 మేలోనూ 2015 మేలోనూ మన రాష్ట్రంలో వడగాడ్పులకు ఒక్కోసారి వెయ్యి మందికి పైగా చనిపోయారు. ఆ మరణాలు వేడెంత ప్రాణాంతకమో చెబుతాయి గాని, భూమి ఏ వేగంతో వేడెక్కుతోందో చెప్పవు. 2024 సెప్టెంబరులో విజయవాడ మునిగినప్పుడు కూడా కొందరు మొత్తం నేరాన్ని వాతావరణ మార్పు మీద మోపారు. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ నీటి ఆవిరిని పట్టి ఉంచగలదు కాబట్టి కుంభవృష్టికి దానితో సంబంధం ఉండవచ్చు, కానీ బుడమేరు కాలువ గట్లకు గండ్లు పడటానికీ, ఆ వాగు దారి కుంచించుకుపోవడానికీ ఏ వాయువూ కారణం కాదు.

థర్మామీటర్లు కాంక్రీటు మధ్య ఉన్నాయన్న మాటకు కొంచెం వివరంగా జవాబివ్వాలి. నగరాలు తమ చుట్టుపక్కల పల్లెల కంటే వేడిగా ఉంటాయన్నది నిజం. బీసెంట్ రోడ్డులో రాత్రి తొమ్మిదింటికి నడిచినవారెవరికైనా అది ఒంటికి తెలుస్తుంది. అయితే ప్రపంచ సగటును కట్టేటప్పుడు ఒక్కో చోట ఉష్ణోగ్రత ఎంత ఉందన్నది లెక్కలోకి తీసుకోరు, అదే చోట పూర్వపు సగటుకూ ఇప్పటికీ తేడా ఎంతన్నది తీసుకుంటారు. మీ గుంటూరు మిర్చి యార్డులో ఒక కాటా అరకిలో ఎక్కువ చూపిస్తోందనుకోండి. నిన్నటి టిక్కీకీ (మిర్చి బస్తాకీ) ఇవాళ్టి టిక్కీకీ బరువులో తేడా ఎంతో చెప్పడానికి ఆ తప్పు అడ్డం రాదు. కాటా తప్పు మారకుండా ఉన్నంతకాలం తేడా సరిగ్గానే వస్తుంది. చిక్కల్లా మధ్యలో కాటాను మార్చినప్పుడు, ఒకచోటి నుంచి మరొకచోటికి జరిపినప్పుడు, లేదా చుట్టూ ఊరు పెరిగి కాటా తప్పే మెల్లగా పెరుగుతూ పోయినప్పుడు వస్తుంది. అప్పుడు దాన్ని పక్క కాటాలతో పోల్చి సరిచూడాలి. బావగారు లెక్కలు దిద్దడం అన్నది ఈ సరిచూడటాన్నే. సరిచూడకుండా వదిలేస్తే అది నిజాయితీ అనిపించుకోదు, అశ్రద్ధ అవుతుంది. విద్యుత్ కేంద్రంలో మీటర్లను ఎప్పటికప్పుడు సరిచూడకుండా నడిపించారా అని ఆయన్నే అడగండి.

ఇక్కడ ఆయనకు తప్పకుండా చెప్పవలసిన సంగతి ఒకటుంది, ఇది విన్న చాలామంది ఆశ్చర్యపోతారు. ప్రపంచం మొత్తం మీద చూస్తే, ఆ దిద్దుబాట్ల వల్ల శతాబ్దకాలపు వేడి పెరుగుదల తగ్గుతుందే తప్ప పెరగదు. పూర్వం ఓడల మీద సముద్రపు నీటిని బొక్కెనలతో పైకి తోడి, అందులో థర్మామీటర్ ముంచి కొలిచేవారు. గుడ్డ బొక్కెనలోని నీరు డెక్ మీదికి వచ్చేలోపు కుండలో నీరు చల్లబడినట్టే ఆవిరై కాస్త చల్లబడేది. తర్వాతి కాలంలో ఇంజను చల్లబరచడానికి లోపలికి తీసుకునే నీటిని కొలవడం మొదలుపెట్టారు, అది ఆ పాత పద్ధతి కంటే కొంచెం ఎక్కువ చూపిస్తుంది. అందుచేత పాత అంకెలను పైకి దిద్దవలసి వచ్చింది. పాత అంకెలు పెరిగితే అప్పటికీ ఇప్పటికీ తేడా తగ్గుతుంది. భూమి ఉపరితలంలో 71 శాతం సముద్రమే కాబట్టి, నేల మీది దిద్దుబాట్లన్నిటి కంటే ఈ ఒక్క దిద్దుబాటు ప్రభావమే ఎక్కువ. భయపెట్టాలనుకున్నవాళ్లు ఎవరైనా ముందుగా ఈ దిద్దుబాటును ఎగరగొట్టి ఉండేవారు. సముద్రాల మీద కాంక్రీటు లేదన్న సంగతి వేరే చెప్పనక్కరలేదు.

బావగారి అనుమానమే కాలిఫోర్నియా భౌతిక శాస్త్రవేత్త రిచర్డ్ ముల్లర్‌కూ ఉండేది. ఆయన ఆ అనుమానాన్ని భోజనాల బల్ల దగ్గర వదిలేయకుండా, బర్కిలీ ఎర్త్ పేరుతో ఒక బృందాన్ని కూర్చుకుని మొత్తం లెక్క మొదటి నుంచి మళ్లీ చేశారు. ఆ పనికి నిధులిచ్చినవారిలో చమురు వ్యాపార కుటుంబానికి చెందిన చార్లెస్ కోక్ పేరిట ఉన్న ఫౌండేషన్ కూడా ఉంది. 2011లో వచ్చిన ఫలితాలు నాసా, బ్రిటన్ వాతావరణ విభాగం ముందే చెప్పిన రేఖతో సరిపోయాయి, నగరాల వేడి ప్రపంచ సగటును చెప్పుకోదగినంత మార్చలేదని తేలింది. మరుసటి ఏడాది ముల్లర్ తన అభిప్రాయం మారిందనీ, ఈ వేడికి దాదాపు పూర్తి కారణం మనుషులేననీ బహిరంగంగా రాశారు.

ఉపగ్రహాల కథ ఇంకా ఆసక్తికరం. అలబామా విశ్వవిద్యాలయం హంట్స్‌విల్‌లోని జాన్ క్రిస్టీ, రాయ్ స్పెన్సర్ భూతాప భయాలను బలంగా సందేహించేవారిగా పేరుపడినవారు. 1978 చివరి నుంచి ఉన్న ఉపగ్రహ కొలతలతో వారు కట్టిన లెక్కలో 1990లలో వేడి దాదాపు కనిపించేది కాదు. తర్వాత ఉపగ్రహాలు మెల్లగా కిందికి జారుతున్న సంగతి లెక్కలోకి రాలేదని 1998లోనూ, అవి ఒక చోటును దాటే వేళ మారుతున్న సంగతిని తప్పుగా సరిదిద్దారని 2005లోనూ ఇతర శాస్త్రవేత్తలు పట్టుకున్నారు. ఆ తప్పులు సరిచేశాక, సందేహవాదుల సొంత లెక్కలోనే ఇవాళ దశాబ్దానికి సుమారు 0.15 డిగ్రీల పెరుగుదల కనిపిస్తోంది. మిగతావారి లెక్కల కంటే అది కొంచెం తక్కువే, కానీ సున్నా మాత్రం కాదు.

1998 తర్వాత ఆగిపోయిందన్న మాట బావగారు ఊహించి చెప్పింది కాదు. ఐక్యరాజ్యసమితి వాతావరణ మార్పు శాస్త్రవేత్తల సంఘం 2013లో ఇచ్చిన నివేదికలోనే, 1998-2012 మధ్య పెరుగుదల దశాబ్దానికి 0.05 డిగ్రీలేనని ఉంది. దీని మీద ఆ రోజుల్లో పత్రికల్లో పెద్ద గొడవే జరిగింది. అయితే ఆ కాలం మొదలైన 1998 బలమైన ఎల్ నినో ఏడాది, అంటే పసిఫిక్ మహాసముద్రం తనలోని వేడిని గాలిలోకి వెళ్లగక్కిన ఏడాది. మిర్చి ధర శిఖరానికి చేరిన రోజును మొదటి రోజుగా పెట్టుకుంటే ఆ తర్వాత ఏ నెల చూసినా ధర పెరగలేదనే చెప్పవచ్చు. మీరు పిల్లలకు గ్రాఫులు చెప్పి ఉంటారు, రెండు కొన బిందువులను ఎంచుకునే స్వేచ్ఛ ఇస్తే ఏ వాలు కావాలంటే ఆ వాలు తీయవచ్చని మీకు తెలియనిది కాదు. అదీగాక, భూమి అదనంగా పోగుచేసుకుంటున్న వేడిలో తొంభై శాతానికి పైగా సముద్రాల్లోకే వెళుతుంది, గాలి నెమ్మదించిన ఆ పదిహేనేళ్లలో కూడా సముద్రం వేడెక్కడం ఆగలేదు. తర్వాత 2014, 2015, 2016 వరుసగా మూడేళ్లూ కొత్త రికార్డులు పెట్టాయి. 2014 నుంచి ఏ ఒక్క ఏడాదీ ఆ ప్రసిద్ధమైన 1998 కంటే చల్లగా లేదు.

కారణం గురించి ఎక్కువ చెప్పను, బావగారికి దహనం గురించి నా కంటే బాగా తెలుసు. ఒక కిలో కర్బనం పూర్తిగా కాలితే మూడున్నర కిలోలకు పైగా కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. బొగ్గు కోట్ల సంవత్సరాల నాటిది కాబట్టి అందులో కార్బన్-14 (కాలంతో పాటు తరిగిపోయే ఒక రకం కర్బనం) మిగలదు, గాలిలో ఆ రకం కర్బనం పాలు పలచబడటాన్ని బట్టి కొత్తగా చేరిన వాయువు ఎక్కడిదో తెలుస్తుంది. మీరు పుట్టిన 1958లోనే హవాయి దీవుల్లోని మౌనా లోవా పర్వతం మీద చార్లెస్ కీలింగ్ అనే శాస్త్రవేత్త గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కొలవడం మొదలుపెట్టారు. అప్పుడు పది లక్షల పాళ్ల గాలిలో సుమారు 315 పాళ్లున్న ఆ వాయువు 2024 నాటికి సుమారు 424 పాళ్లకు చేరింది. సూర్యుడి తీవ్రత పెరిగి ఉంటే వాతావరణం పైనుంచి కింది వరకు వేడెక్కాలి. కింది పొర వేడెక్కుతూ పైనున్న స్ట్రాటోస్ఫియర్ చల్లబడుతోందంటే అది ఈ వాయువు పనే. అలా జరుగుతుందని 1967లోనే లెక్కకట్టినవారిలో ఒకరైన స్యుకురో మనాబేకు 2021లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఇప్పుడు శాస్త్రవేత్తలు నిజంగా తగవు పడుతున్న చోటికి వస్తాను. 2023లో వచ్చిన వేడి చాలామంది నిపుణుల అంచనాలను దాటిపోయింది. ఎల్ నినో ఒక్కదానితోనే అది సరిపోలేదు. 2020 నుంచి ఓడల ఇంధనంలో గంధకం పరిమితిని 3.5 శాతం నుంచి 0.5 శాతానికి తగ్గించారు. చైనా కూడా తన గాలిని శుభ్రం చేసుకుంది. గంధకపు పొగ సూర్యకాంతిని వెనక్కి పంపి భూమికి గొడుగు పట్టినట్టు ఉండేది, ఆ గొడుగు పలచబడటంతో దాగివున్న వేడి బయటపడిందన్నది ఒక వాదం. 1988లో అమెరికా సెనేట్ కమిటీ ముందు భూతాపం గురించి సాక్ష్యమిచ్చిన జేమ్స్ హాన్సెన్, వేగం స్పష్టంగా పెరిగిందని అంటారు. అంతే పేరున్న మరో వాతావరణ శాస్త్రవేత్త మైకేల్ మాన్, రేఖ తన పాత వాలులోనే నడుస్తోందని అంటారు. 2015-2024 దశాబ్దంలో మనుషుల వల్ల కలిగిన వేడి దశాబ్దానికి సుమారు 0.27 డిగ్రీల వేగంతో పెరిగిందని మరికొందరు లెక్కకట్టారు. నాకు ఈ మూడో మాట వైపే మొగ్గుంది, అయితే ఒక్కో ఏడాది ఎగుడుదిగుళ్ల మధ్య వాలు మారిందని గట్టిగా చెప్పడానికి ఇంకా కొన్నేళ్ల అంకెలు కావాలనేవారి జాగ్రత్తను తప్పుపట్టలేను. గమనించవలసింది ఏమిటంటే, ఈ తగవు 0.2కూ 0.3కూ మధ్య నడుస్తోంది. ఇందులో ఏ పక్షమూ వేడెక్కడం ఆగిందని అనడం లేదు. "శాస్త్రవేత్తలకే పడటం లేదు" అన్న వాక్యం నిజమే గాని, దాన్ని విన్నవాళ్లు అర్థం చేసుకునేది మాత్రం నిజం కాదు.

మీ అమ్మాయి చెప్పిన 2030కి కూడా ఒక మూలముంది. పెరుగుదల 1.5 డిగ్రీల దగ్గర ఆగాలంటే 2010తో పోలిస్తే 2030 నాటికి కార్బన్ డయాక్సైడ్ విడుదల సుమారు 45 శాతం తగ్గాలని 2018లో ఐక్యరాజ్యసమితి శాస్త్రవేత్తల సంఘం చెప్పింది. అది చేతులు మారి, నినాదమై, 2030లో లోకం అయిపోతుందన్నంత దూరం వెళ్లింది. 1.5 డిగ్రీలన్నది దూకితే చచ్చిపోయే కొండ అంచు కాదు. ప్రతి పదో వంతు డిగ్రీతోనూ నష్టం పెరిగే మెట్లదారి అది. ఆ మాట ఆమె సరిగ్గా చెప్పి ఉంటే బావగారు వినేవారేమో.

మన దేశం సంగతి వేరే ఉంది, బావగారి అనుభవానికి అది కొంత దగ్గరగా ఉంటుంది. 1901-2018 మధ్య భారతదేశపు సగటు ఉష్ణోగ్రత సుమారు 0.7 డిగ్రీలే పెరిగింది, ప్రపంచంలోని నేల మొత్తం సగటు కంటే ఇది బాగా తక్కువ. మన గాలిలోని పొగ, ధూళి ఎండను కొంత ఆపడమూ, సాగునీటి తడి నేలను చల్లబరచడమూ దీనికి ముఖ్య కారణాలు. అంటే మనల్ని కొంతవరకు కాపాడుతున్నది మన కాలుష్యమే, ఊపిరితిత్తులకు అది చేసే హాని లెక్కలోకి తీసుకోకపోతే. కానీ 1951-2015 మధ్య ఉష్ణమండల హిందూ మహాసముద్రపు ఉపరితలం సగటున ఒక డిగ్రీ వేడెక్కింది. కోస్తాలో ఉండే మనకు థర్మామీటర్‌లోని అంకె కంటే గాలిలోని తేమే పెద్ద శత్రువు. చెమట ఆరకపోతే ఒళ్లు చల్లబడదు.

ఇక మీ ఇంటి సంగతి. ముప్పై ఏళ్లు రాత్రింబవళ్లు షిఫ్టులు చేసి, మన ఊళ్లల్లో ఫ్యాన్లు తిరిగేలా, పొలాల్లో మోటార్లు నడిచేలా చూసిన మనిషిని, ఇంటి ఆడపడుచు భర్తని, విస్తరి ముందు కూర్చోబెట్టి నేరస్తుణ్ని చేస్తే ఆయన థర్మామీటర్ మీదే విరుచుకుపడతారు. అది మానవ సహజం. అమెరికాలో సగటు మనిషి ఏడాదికి దాదాపు 14 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌కు కారణమవుతుంటే మన దేశంలో అది సుమారు 2 టన్నులు. ముందు కాల్చినవాళ్లు ఎక్కువ భారం మొయ్యాలన్న వాదన న్యాయమైనదే. భారతదేశం 2021లో గ్లాస్గో వాతావరణ సదస్సులో 2070 నాటికి నికర సున్నా (గాలిలోకి వదిలినంతా తిరిగి తొలగించే స్థితి) సాధిస్తామని చెప్పి, మిగతా పెద్ద దేశాల కంటే ఎక్కువ గడువు తీసుకున్నది కూడా ఆ వాదన మీదనే. బావగారు ఈ మాట గట్టిగా అనవచ్చు, దానికోసం 1998ని అడ్డం పెట్టుకోనక్కరలేదు. కాబట్టి ముందు మీ అమ్మాయి భవానీపురం వెళ్లి, "మీలా బొగ్గు కాల్చినవాళ్లే" అన్న ఆ ఒక్క వాక్యానికి మామయ్యగారికి క్షమాపణ చెప్పాలి. శాస్త్రానికి సంబంధించిన మాట ఒక్కటి కూడా వెనక్కి తీసుకోనక్కరలేదు. కేంద్రం ఎలా నడిచేదో, టన్ను బొగ్గుకు ఎంత కరెంటు వచ్చేదో ఆయన్ని అడగమనండి. ఆమె చదువుకు కూడా అది పనికొస్తుంది.

ఆ తర్వాత కూడా ఇద్దరికీ పడకపోతే ఒక పందెం కట్టించండి. 2005లో జేమ్స్ అనన్ అనే బ్రిటిష్ వాతావరణ శాస్త్రవేత్త, భూమి చల్లబడుతుందన్న ఇద్దరు రష్యన్ సౌర భౌతిక శాస్త్రవేత్తలతో పదివేల డాలర్లు పందెం కాశారు. 1998-2003 సగటును 2012-2017 సగటుతో పోల్చాలని ముందే రాసుకున్నారు, అనన్ గెలిచారు. మీరు డబ్బు పెట్టనక్కరలేదు, ఓడినవారు ఒక టిక్కీ మిర్చి ఇస్తే చాలు. 2015-2024 దశాబ్దపు సగటు 1.24 అన్నది పైన రాశాను. 2025-2034 దశాబ్దానికి ఎవరి అంకె వారు కాగితం మీద రాసి సంతకం చేయాలి. వేడి ఆగిపోయిందని నమ్మేవారు 1.24 దగ్గరే రాయాలి, పాత వేగమే ఉందనేవారు 1.44, వేగం పెరిగిందనేవారు 1.51 లేదా ఆపైన. బొగ్గు మీద, అమెరికా మీద, 2030 మీద ఆ కాగితంలో ఒక్క మాట కూడా ఉండకూడదు. నిర్ణేతగా మీరుండి, ఎవరి లెక్కను ప్రమాణంగా తీసుకోవాలో కూడా ఇద్దరి చేతా ముందే ఒప్పించండి. బావగారు హంట్స్‌విల్ ఉపగ్రహ లెక్కే కావాలంటే సరేననండి, కాకపోతే అది కొలిచే గాలి పొరా, పోల్చే పాత సగటూ వేరు కాబట్టి 1.24 బదులు ఆ లెక్కలోని 2015-2024 సగటు నుంచే మొదలుపెట్టాలి.